గొంగడికి పట్టిన గంధం

మద్దిలేటి కబురు చెప్పలేదు. అక్క చావుబతుకుల్లో ఉంది, బావను వెంటబెట్టుకొని రమ్మని అచ్చంపేటకు పంపితే, పోలేదు. పోయి వచ్చానని చెప్పాడు. జరిగింది ఇది. దీనికి రెండో మాట లేదు.

ఆ అక్క పెంటమ్మ. ఆ బావ కురుమయ్య. ఊరు తెలకపల్లికి అవతల, ఎర్రనేలల్లో జొన్న, ఆముదం పండే ఊరు. పెంటమ్మ పుట్టింది అక్కడే, కాపురం చేసిందీ అక్కడే. కురుమయ్యకు పొలం లేదు. గంధం చెక్క నుంచి నూనె దించడం అతని విద్య. మీసాలు రాకముందే కృష్ణ దాటి, గద్వాల మీదుగా మైసూరు దేశం పోయి, అక్కడి బట్టీల దగ్గర కన్నడంలో తిట్లు తిని నేర్చుకొచ్చాడు. ఏటా పంటలు ఇంటికి చేరాక అచ్చంపేట సేటు పిలిపించేవాడు. నల్లమల నుంచి దిగిన గంధం దుంగలు సేటు కొట్టం ముందు పడి ఉండేవి. కురుమయ్య పోయి, అక్కడే వండుకు తిని, నూనె దించి వచ్చేవాడు.

ఆ పనిలో చూడటానికి ఏమీ ఉండదు. చేవను పేళ్లుగా చెక్కి, దంచి, నానబెట్టి, రాగి బానలో నీళ్లతో పాటు పోస్తారు. మూత పెట్టి, ఆవిరి పోకుండా అంచు చుట్టూ మినప్పిండీ మట్టీ కలిపి మెత్తుతారు. కింద మంట. ఆవిరి గొట్టంలోంచి పోయి, చల్లని నీళ్ల తొట్టిలో పెట్టిన చెంబులో దిగుతుంది. ఆ దిగిన నీళ్ల మీద నూనె తేలుతుంది. ఓర్పున్నవాడికే తేలుతుంది. మంట పెంచితే అడుగంటి, నూనెకు మాడు వాసన పడుతుంది. తగ్గిస్తే ఆవిరి ఆగుతుంది. మొదట వచ్చేది పలచన. అసలైనది చివర దిగుతుంది. అందుకే బట్టీ వెలిగాక దాని ముందు నుంచి లేవడం ఉండదు.

"బట్టీ వెలిగినంక దేవుడు పిలిచినా లేవ" అని కురుమయ్యే అనేవాడు. నవ్వుతూ అనేవాడు. అప్పట్లో నవ్వేవాడు.

ఇంకో సంగతి ఉంది. గంధం బట్టీ ఉన్న కొట్టంలో కాలు పెట్టినవాడికి ఆ వాసన పట్టుకుంటుంది. బట్టకు పడుతుంది, వెంట్రుకలకు పడుతుంది. ఉన్నికి పడితే ఇక వదలదు. సేటు బండి తోలేవాడు సీసాలు ఎత్తుకుపోవడానికి లోపలికి వచ్చి పోయినందుకే, వాడి పెండ్లాం "ఎవతె కాడికి పోయొచ్చినవ్?" అని చీపురు తీసింది. కురుమయ్య ఇంటికి వస్తుంటే పెంటమ్మ ముందుగానే వాకిట్లోకి వచ్చి నిలబడేది.

"నువ్వు వాగు దాటంగనే తెలిసింది. కూర దించి పెట్టిన" అనేది.

"కుక్క ముక్కు నీది."

"కుక్క లెక్కనే కాసుకొని ఉన్న మరి. జర ఇట్ల రా, ఇంకోపారి వాసన చూస్త."

జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి ఏడు, కురుమయ్య అచ్చంపేటలో బట్టీ ముందు ఉండగా, పెంటమ్మకు జ్వరం వచ్చింది. కాలం కాని కాలంలో వానలు. నాగర్‌కర్నూలు దవాఖానకు బండి పోయే దారి లేదు. తల్లి జోగులమ్మ కూతురి తల ఒడిలో పెట్టుకొని కొడుకును పంపింది. మద్దిలేటి పోయి, వచ్చాడు.

"బావ కాడ పొద్దుమూకేదాక కూసున్న. అక్కడ్నే బువ్వ తిన్న. కాళ్లు పట్టుకున్న. బట్టీ దిగినంక వస్త, అంతదాక దేవుడు పిలిచినా లేవ అన్నడు" అని చెప్పాడు.

కురుమయ్య నోటి మాటనే తెచ్చి కురుమయ్య నోట్లో పెట్టాడు. అందుకే ఊరు నమ్మింది. చచ్చిపోయే అక్క మీద ఎవడైనా అబద్ధమాడతాడా? అందుకే ఇంకా నమ్మింది.

కురుమయ్య నూనె దించి, సేటు దగ్గర సెలవు తీసుకొని, పెంటమ్మకు గాజులు కొనుక్కొని వచ్చేసరికి, ఆమెను మట్టిలో పెట్టడం, మూడోనాడు పిట్టకు కూడు పెట్టడం కూడా అయిపోయాయి. వాకిట్లో ఎవరూ నిలబడలేదు.

"ఇప్పుడు తెలిసిందా దారి?" అంది జోగులమ్మ.

"నాకు కబురు రాలే, అత్తా."

"నా కొడుకు నీ కాళ్లు పట్టుకున్నడు."

"రాలే. ఎవ్వడు రాలే."

"చెప్తే రానోడు, చెప్పలేదంటే నమ్మాల్నా? పో. నా కండ్లకు కనిపించకు."

మద్దిలేటి గోడకు ఆనుకొని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమే. ఏడుపు నిజమైనంత మాత్రాన మాట నిజం కాదు.

కురుమయ్య కబురు రాలేదన్న మాట ఆ రోజు చెప్పాడు. మళ్లీ చెప్పలేదు. నమ్మనివాడికి మళ్లీ చెప్పడం అడుక్కోవడం.

ఊరికి ఒక మొక్కు ఉంది. తాతల కాలంలో గత్తర వచ్చి ఇళ్లకు ఇళ్లు పాడుపడినప్పుడు, ఊరి వెనక గుట్ట మీది దర్గాకు ఏటా గంధం ఎక్కిస్తామని పెద్దలు మొక్కుకున్నారు. ఉర్సు నాడు ఇంటింటా అరగదీసిన గంధాన్ని ఒకే కడవలో కలుపుతారు. కడవ లేచే ముందు అందులో గంధం నూనె పోస్తారు. తిరుపతయ్య దాన్ని తలకెత్తుకుంటాడు. ఇస్రాయేలు డప్పు ముందు నడుస్తుంది. వెనక ఊరంతా ఎక్కుతుంది. పైన దర్గా చూసుకునే ముజావరు ఖాసిం సాబు కడవ అందుకొని, నూనె ఎవరిదో అడిగి, ఆ పేరు గుట్ట కింది దాకా వినబడేట్టు కేకేసి చెబుతాడు. కురుమయ్యకు పెళ్లైనప్పటి నుంచి ఆ పేరు కురుమయ్యదే.

పెంటమ్మ పోయిన ఏడు ఊరివాళ్లు వనపర్తి నుంచి అత్తరు తెప్పించి పోశారు. తెచ్చింది మద్దిలేటి. గుట్ట మీద కేకేసిన పేరూ మద్దిలేటిదే.

"పెండ్లాన్ని ఇడిసినోని నూనె దేవునికెందుకు?" అన్నారు. కురుమయ్య వింటుండగానే అన్నారు.

ఇక కురుమయ్యకు కావలసింది ఒక్కటే మిగిలింది. ఆ కడవలో మళ్లీ తన చేతి నూనె పడాలి. పడేది పెంటమ్మ చెట్టు నూనె కావాలి.

ఆ చెట్టు పెంటమ్మ తండ్రి పొలం గట్టున, కానుగ చెట్టు పక్కన ఉండేది. గంధం చెట్టు ఒంటరిగా బతకదు. పక్క చెట్టు వేరును పట్టుకొని, దాని రసం తాగి బతుకుతుంది. పెంటమ్మ పుట్టినప్పుడు తండ్రి నాటాడు, పెళ్లప్పుడు పసుపుకుంకుమల కింద ఆమె పేర చెప్పాడు. "నా చెట్టు నూనె ఒక్కపారి గుట్టెక్కాలె" అని పెంటమ్మ అడిగేది. "ఇంకా చేవ పట్టలే, ఆగు" అని కురుమయ్య అనేవాడు. ఇప్పుడు చేవ పట్టింది.

సర్కారు అడవి జవానును పిలిచి ముద్ర వేయించి, చెట్టును తవ్వి తీశాడు. గంధం చెట్టును నరకరు. నూనె ఎక్కువుండేది వేళ్లలో. తీసిన చెట్టును కొమ్మలు కొట్టి గట్టు మీదే పడేశాడు. వానలు పడ్డాయి. దుంగకు చెదలు పట్టాయి.

"ఏంది కురుమన్నా, పెండ్లాం చెట్టును చెదలకు మేపుతున్నవ్?" అన్నాడు తిరుపతయ్య, అటు ఎడ్లను తోలుకుపోతూ.

"తిననీ."

"అంతా తింటయి, చూస్కో."

"తినయి."

చెదలు పైనున్న తెల్ల చెక్కనే తింటాయి. లోపలి చేవను ముట్టవు. ఏది తినాలో ఏది వదలాలో వాటికి తెలుసు. మనుషులకు తెలియదు.

కురుమయ్య సేటు కొలువు మానేశాడు. అక్కడ మూలకు పడేసిన పాత రాగి బాన అడిగి తెచ్చుకొని, మాట్లు వేయించి, వాగు అవతల సొంతంగా కొట్టం వేసుకున్నాడు. వానలు వెనకపట్టి చలి మొదలయ్యాక దుంగను ఎత్తుకొచ్చి, చెదలమట్టి దులిపాడు. లోపల చేవ చెక్కుచెదరలేదు. చెక్కి, దంచి, నానబెట్టి, బానకెత్తి, మంట పెట్టాడు.

అది తెలిసి జోగులమ్మ వచ్చింది. పొద్దున్నే, చలికి గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని వచ్చింది. ఆ కొట్టంలో ఆమె కాలు పెట్టడం అదే మొదలు.

"ఎవర్నడిగి బానకెత్తినవు చెట్టు?"

"నా పెండ్లాం చెట్టు."

"నా బిడ్డ చెట్టు. బతికుండంగ రానోనికి సచ్చినంక దాని చెట్టు కావాల్సొచ్చిందా? ఆర్పు."

కురుమయ్య పొయ్యిలో కట్టె సర్దాడు.

"ఆర్పమంటున్న!"

"ఆర్ప."

"అయితే నేను లేవ. నువ్వు ఎంతసేపు కూసుంటవో చూస్త. నువ్వొక్కనివే బట్టీ ముందట కూసోగల్గినోనివా?"

ఆమె బానకు ఎదురుగా నేల మీద చతికిలబడింది. కట్టె కావాలంటే కురుమయ్య ఆమె చుట్టూ తిరిగి పోయి తెచ్చుకోవలసి వచ్చింది. తిరిగి పోయి తెచ్చుకున్నాడు. నీళ్లిస్తే ఒలకబోసింది. మళ్లీ ఇస్తే తాగింది. మూత అంచున మినప్పిండి పగిలి ఆవిరి సన్నగా చిమ్మితే, అతను పరుగెత్తి మెత్తుతుంటే చూసింది.

"దంచిన కట్టెల ఏమొస్తది, నీ మొకం. ఉత్త నీళ్లు వస్తున్నయి" అంది.

"ఇంకా రాలే."

పొద్దు వాలేటప్పటికి వచ్చింది. చెంబులో నీళ్ల మీద పసుపుపచ్చగా, చిక్కగా ఒక పొర తేలింది. కొట్టం అంతా నిండిపోయింది. మైసూరు దేశంలో కూడా అంత బలమైన వాసన కురుమయ్య ఎరగడు. జోగులమ్మ ఒంగి చెంబులోకి చూసింది. కర్ర అందుకొని, గొంగడి దులుపుకొని వెళ్లిపోయింది.

తర్వాత ఒక రోజు ఇస్రాయేలు డప్పు కాచుకోవడానికి ఎండు చెక్క అడగడానికి వచ్చాడు. వస్తూనే నవ్వాడు.

"మీ అత్త మీద నీ బట్టీ పడ్డదే అన్నా! ఆమె వస్తుంటే పెండ్లి పల్లకి వస్తున్నట్టుంది. కుక్కలు గూడ మొరుగుతలేవు. వాగుల గొంగడి బండకేసి బాదుతుంది, బాదుతుంది, పోతలేదు."

"పోదు. ఉన్నికి పట్టింది పోదు."

"ఎండకు పోదా?"

"ఎండకు పోదు, వానకు పోదు."

"గదే చెప్త పోయి. పాపం, ముసల్ది పరేషాన్ అయితుంది" అని ఇస్రాయేలు చెక్క చంకన పెట్టుకొని పోయాడు.

ఉర్సు నాటికి చలి పోయి ఎండ ముదిరింది. చావడి ముందు కడవ పెట్టారు. ఇళ్ల నుంచి గంధం గిన్నెలు వచ్చి పడుతున్నాయి. మద్దిలేటి తలకు కొత్త రుమాలు చుట్టి, వనపర్తి అత్తరు సీసా పట్టుకొని నిలబడ్డాడు. కురుమయ్య నూనె సీసాను ధోవతి కొసన ముడేసుకొని, జనానికి ఎడంగా దారి మీద నిలబడ్డాడు. ఎవరినీ అడగడానికి రాలేదు. పోయనిస్తే పోస్తాడు. లేదంటే ఒంటరిగా గుట్టెక్కి ఖాసిం సాబు చేతిలో పెట్టి దిగిపోతాడు.

"కురుమన్నా, మంచిరోజు లొల్లి ఎందుకే?" అన్నాడు తిరుపతయ్య.

"దారి మీద నిలబడ్డ. దారి నీదా?"

"నీ ముడిల ఉన్నదాని వాసన ఈడిదాక వస్తుంది మరి."

"రానీ."

మద్దిలేటి ముందుకొచ్చాడు. "బావా, ఊరు వద్దన్నది. మర్యాదగ పో."

అప్పుడు జనం వెనక నుంచి జోగులమ్మ వచ్చింది. ఎండ నెత్తిన మండుతుంటే గొంగడి కప్పుకొని వచ్చింది. ఆమెకంటే ముందు వాసన వచ్చింది. జనం తమంతట తామే దారి ఇచ్చారు.

"ఇస్రాయేలూ, డప్పు ఆపు. ఇటు రా. ఈ గొంగడి వాసన చూడు. ఏం వాసన?"

"గంధం వాసనే, అవ్వా. ముక్కు లేనోనికి గూడ తెలుస్తది."

"ఇది పట్టి ఎన్ని దినాలాయె? చలిల పట్టింది. వాగుల ఉతికిన, ఎండకేసిన. పోయిందా?"

"పోలే. పోదని కురుమన్న చెప్పనే చెప్పిండు."

జోగులమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒక్క దినం కూసున్న నేను వాని బట్టీ కాడ. నువ్వెంతసేపు కూసున్నవురా, నీ అక్క సావంగ?"

మద్దిలేటికి వెంటనే అర్థం కాలేదు. "చెప్పిన గద. పొద్దుమూకేదాక. బువ్వ గూడ అక్కడ్నే తిన్న."

"గొంగడి కప్పుకొనే కూసున్నవా?"

"కప్పుకొనే."

"ఆ గొంగడే నువ్వొచ్చినంక నీ అక్క వణుకుతుంటే దాని మీద కప్పిన. నేనే కప్పిన, ఈ చేతులతోటి. కల్లు వాసన వచ్చింది. తడిసిన గొర్రె వాసన వచ్చింది. గంధం ఏడబాయెరా?"

"వాన పడ్డది... వానకు పోయింది."

"వానకు పోదురా!"

తిరుపతయ్య కడవ మీద వేసిన చెయ్యి తీశాడు.

"అది గొంగడిని ముక్కు కాడికి గుంజుకున్నది" అంది జోగులమ్మ. ఇప్పుడు అరవడం లేదు. "వాసన చూసింది. నీ మొకం చూసింది. గోడకు తిరిగి పండుకున్నది. మొగడు రాలేదని తిరిగిందనుకున్న. కాదు. తమ్ముడు పోలేదని తెలిసి తిరిగింది. దానికి అప్పుడే తెలిసింది. నాకు ఇన్నాళ్లకు తెలిసింది. ఏడ పడి ఉన్నవు? చెప్పు."

మద్దిలేటి చేతిలోంచి అత్తరు సీసా జారి, పగిలింది. ఆ వాసన కాసేపుండి గాలికి పోయింది.

"లింగాల కాడ" అన్నాడు. "వాన కొడుతుంటే కల్లు మండువల ఆగిన. లేచేసరికి తెల్లారింది. నువ్వు తిడ్తవని..."

ఆ మాట ఊరంతా విన్నది. కురుమయ్య ఆ మాట కోసమే ఇంతకాలం బతికాడు. విన్నప్పుడు అతని గుండె పండగ డప్పు మోగినట్టు మోగింది. ముఖం మాత్రం కదపలేదు.

జోగులమ్మ నడిచి వచ్చి అతని ముందు నిలబడింది. ఎండలో చెమటలు కారుతున్నాయి.

"అల్లుడా, నా నోరు పడిపోను. నూనె పొయ్యి."

కురుమయ్య ముడి విప్పాడు. తిరుపతయ్య తలపాగా తీసి కడవ పక్కన ఒంగి నిలబడ్డాడు. నూనె చిక్కగా, తొందర లేకుండా, కడవలోకి దిగింది. ముందున్న ఆడవాళ్లు కొంగులు మూతికడ్డం పెట్టుకున్నారు, ఏడుపుకో వాసనకో తెలియదు.

"ఏంది చూస్తున్నరు? కొట్టురా ఇస్రాయేలూ!" అంది జోగులమ్మ.

ఇస్రాయేలు కొట్టాడు. అంతకు ముందు ఏ ఉర్సుకూ అలా కొట్టలేదు. తిరుపతయ్య కడవ ఎత్తుకున్నాడు. కురుమయ్యను వెనక నడవనివ్వలేదు. పట్టుకొని ముందుకు తోశారు. నిన్నటిదాకా అతని చేతి నీళ్లు ముట్టని వాళ్లే భుజం ఆనించి నడిచారు. గుట్ట మలుపుల్లో గాలి కింది నుంచి మీదికి వీస్తుంటే, కడవ చేరకముందే వాసన పైకి చేరింది. ఖాసిం సాబు మెట్ల దాకా దిగి ఎదురొచ్చాడు.

"పోయిన పారి పూల నీళ్లు తెచ్చిన్రు. గిది అస్లీ సందల్" అన్నాడు. వేలు ముంచి చేతి వెనక రాసుకొని, కళ్లు మూసుకున్నాడు. "ఎవరిది ఈ నూనె? నీ పేరు చెప్పనా కురుమయ్యా?"

"పెంటమ్మది."

ముజావరు ఒక్క క్షణం అతన్ని చూశాడు. చనిపోయినవారి పేరు కేకేయడం ఆనవాయితీ కాదు. తర్వాత కడవ పైకెత్తి, గొంతు చించుకొని అరిచాడు.

"పెంటమ్మ గంధం!"

మెట్ల మీది జనం అందుకొన్నారు. పెంటమ్మ గంధం. కింద మలుపులో ఉన్నవాళ్లు అందుకొన్నారు. గుట్ట కింద ఎడ్ల దగ్గర మిగిలినవాళ్లు అందుకొన్నారు. ఆమె పేరు గుట్టెక్కి, గుట్ట దిగి, జొన్నచేల మీదుగా పోయింది. కురుమయ్య నిటారుగా నిలబడి, ఆఖరి గొంతు ఆగేదాకా విన్నాడు. గెలిచాడు. ఆ గెలుపును ఎవరితోనూ పంచుకోలేదు. అది ఆమెది, తనది.

దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. లేచి కాళ్ల మీద పడబోతే కురుమయ్య వెనక్కి జరిగాడు.

"బావా, తిట్టు. కొట్టు. లేకుంటే మాఫ్ చేసిన అను. ఏదన్న ఒక్క మాట అను బావా."

వెనక దిగుతున్నవాళ్లు ఆగిపోయారు. జోగులమ్మ కూడా ఆగింది. అల్లుడు ఏమంటాడో వినాలని అందరికీ ఉంది. కురుమయ్య ఖాళీ సీసాను మళ్లీ ధోవతి కొసన ముడేసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పి రమ్మని నిన్ను పంపిన్రు. నువ్వు చెప్పలే. ఇగ నా కాడ నీకు మాట లేదు." తర్వాత వెనకున్నవాళ్ల వైపు తిరిగాడు. "మీకు గూడ చెప్తున్న. ఈ ముచ్చట ఇయ్యాల్టితోటి బందు. నన్నెవ్వరు అడగొద్దు. అడిగినా నేను చెప్ప."